నామినేటెడ్ పదవి: మాట చెప్పేది, చెప్పనిది

తెలుగు పత్రికల్లోనూ, పార్టీ కార్యాలయాల వరండాల్లోనూ, టీ దుకాణాల బల్లల దగ్గరా ఏడాది పొడవునా వినిపించే మాట ఒకటుంది. అది నామినేటెడ్ పదవి. ప్రజల ఓటు అవసరం లేకుండా, ఉద్యోగ పరీక్ష అవసరం లేకుండా, ప్రభుత్వం ఒక పేరు ప్రకటించి ఉత్తర్వు వెలువరించడం వల్ల వచ్చే పదవి అని దాని అర్థం. వ్యవహారంలో మాత్రం, అధికారంలోకి వచ్చిన పార్టీ తన కోసం కష్టపడినవారికి, గడ్డుకాలంలోనూ తనను విడిచిపోనివారికి ప్రతిఫలంగా ఇచ్చే పదవి అనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. రాష్ట్రస్థాయి కార్పొరేషన్ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థ దాకా, వ్యవసాయ మార్కెట్ కమిటీ నుంచి ఊరి గుడి ధర్మకర్తల మండలి దాకా, ఒకదానితో ఒకటి పోలిక లేని ఎన్నో బాధ్యతలు ఈ ఒక్క మాట కిందికి చేరిపోయాయి. ఆ మాట ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా వదిలేస్తోంది అన్నదే ఈ ప్రసంగానికి విషయం.

నామినేటెడ్ అన్నది ఇంగ్లీషు మాటే అయినా, దాని వేరు తెలుగు చెవికి కొత్తది కాదు. లాటిన్ భాషలో ‘నోమెన్’ అంటే పేరు. సంస్కృతంలో ‘నామ’ అంటే పేరు. రెండూ ఒకే పూర్వభాష నుంచి చీలివచ్చిన తోబుట్టువుల వంటి మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. అందువల్ల నామినేట్ చేయడం అంటే, మూలార్థంలో, పేరు పెట్టి చెప్పడం. ఒకరి పేరు పలికి, ఫలానావారే అని నిర్ణయించడం. ఇదే వేరు నుంచి సోవియట్ రష్యాలో మరో మాట పుట్టింది; దాన్ని ‘నోమెన్‌క్లాతూరా’ అనేవారు. పార్టీ ఆమోదం లేకుండా ఎవరినీ నియమించకూడని పదవుల పట్టికకు మొదట అది పేరు. కాలక్రమంలో ఆ పదవులను అనుభవించే వర్గమంతటికీ అదే పేరు స్థిరపడింది. మాస్కోలో పట్టిక, ఇక్కడ జాబితా. రెండింటిలోనూ పేరు ఎక్కడమే ముఖ్యం. తొలి విడత జాబితాలో పేరుందా, మలి విడతలోనైనా ఉంటుందా అని పార్టీ శ్రేణులు నెలల తరబడి ఎదురుచూసే స్థితిని గుర్తు చేసుకుంటే, పేరు అనే అర్థం ఈ మాటలో ఎంత బలంగా నిలిచి ఉందో శ్రోతలకు తెలుస్తుంది.

పదవికి ఉన్న ఈ పేరు, ఆ పదవి ఎలా వచ్చిందో చెబుతుంది. ఆ పదవిలో కూర్చున్నవారు చేయవలసిన పని ఏమిటో చెప్పదు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి; తక్కిన ప్రసంగమంతా దాని చుట్టూ తిరిగేదే.

ఈ పదవుల గురించి తెలుగులో వాడే క్రియలు కూడా ఇదే దారిలో నడుస్తాయి. కోస్తా జిల్లాల్లో ‘మా వాడికి చైర్మన్ ఇచ్చారు’ అంటారు; తెలంగాణలో ‘అన్నకు చైర్మన్‌గిరీ వచ్చింది’ అంటారు. పత్రికల శీర్షికల్లో పదవి దక్కుతుంది, పదవి లభిస్తుంది, మరీ తరచుగా పదవి ‘వరిస్తుంది’. వరించడం అంటే స్వయంవరంలో కన్య తన ఇష్టప్రకారం వరుణ్ణి ఎన్నుకోవడం. ఆ క్రియ వాడినప్పుడు పదవే తనంత తాను నడిచివచ్చి ఒకరి మెడలో దండ వేసినట్టు ధ్వనిస్తుంది కాని, ఎవరో ఒక గదిలో కూర్చుని, కులమూ ప్రాంతమూ వర్గమూ లెక్క చూసి, ఒక పేరు రాసి మరొక పేరు కొట్టివేశారన్న సంగతి ఆ వాక్యంలో కనిపించకుండా పోతుంది. దానికి పక్కనే మరో మాట ఉంది, అది పందేరం. పందేరం అంటే పంచిపెట్టడం. ‘పదవుల పందేరం’ అనగానే పంచేవారు ఒకరున్నారని, పంచుకునేవారు కొందరున్నారని, పంచుతున్న సొత్తు ఒకటుందని వినేవారికి వెంటనే అర్థమవుతుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీకీ ఈ మాట నాలుక చివర ఉంటుంది. అధికారంలోకి రాగానే అదే పని ‘నామినేటెడ్ పోస్టుల భర్తీ’ అవుతుంది. భర్తీ అన్నది ఉపాధ్యాయుల ఖాళీలకు, పోలీసు ఖాళీలకు వాడే మాట. ఖాళీ ఉంది కనుక నింపుతున్నారన్న భావం అందులో ఉంది.

పాత తెలుగు గ్రామంలో పదవుల పేర్లు ఇలా ఉండేవి కావు. చెరువు తూము ఎత్తి, ఏ చేనుకు ఎంతసేపు నీరు పారాలో చూసి, వంతులు తప్పకుండా కాపలా కాసేవాణ్ణి నీరుగంటి అనేవారు. తెలంగాణలో నీరటి అనేవారు. ఊరికి కావలి ఉండేవాడు తలారి. గుడి సొత్తును ధర్మం తప్పకుండా నిర్వహించవలసినవాడు ధర్మకర్త. ఆ మాట పలికితేనే పని తెలిసిపోయేది. పని జరగకపోతే ఎవరిని నిలదీయాలో కూడా తెలిసేది. ఆ వ్యవస్థను ఆదర్శంగా చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. అది వంశపారంపర్యమైనది, కులాన్ని బట్టి నడిచినది. కరణాల, మునసబుల చేతిలో నలిగిన పల్లెల బాధ తెలిసినవారికి, 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య గ్రామాధికారాలను రద్దు చేయడం ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కరలేదు. అయినా పేర్ల విషయంలో ఆ కాలానికి ఒక నిక్కచ్చితనం ఉండేది. నీరుగంటి అన్నారు గాని, ఫలానావారి అనుగ్రహం పొందినవాడు అని అనలేదు.

నిజానికి నామినేటెడ్ అన్న మాటకు కూడా గౌరవప్రదమైన పుట్టుక ఉంది. భారత రాజ్యాంగంలోని 80వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి రాజ్యసభకు 12 మందిని నామినేట్ చేస్తారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సామాజిక సేవ వంటి రంగాల్లో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో ఉన్నవారు మాత్రమే అందుకు అర్హులు. శాసనమండలి ఉన్న రాష్ట్రాల్లో గవర్నరు కొందరిని ఇదే విధంగా నామినేట్ చేస్తారు. అక్కడ సహకారోద్యమం కూడా ఒక రంగంగా చేరుతుంది. ఎన్నికల్లో పోటీ చేసే ఓపికా ధనమూ లేని పండితుడో, కళాకారుడో, సంఘసేవకురాలో చట్టసభలో మాట్లాడాలన్నది రాజ్యాంగ నిర్మాతల కోరిక. పేరు ప్రకటించడానికి ముందు ఆ పేరు వెనుక ఒక సాధన ఉండాలన్నది వారి షరతు. తెలుగునాట గవర్నరు చేసే ఈ నామినేషన్‌ను ‘గవర్నర్ కోటా’ అనడం అలవాటైంది. కోటా అన్న మాట చేరగానే షరతు వెనక్కి వెళ్ళి, వాటా ముందుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ మంత్రివర్గం ఈ కోటాకు సిఫారసు చేసిన రెండు పేర్లను అప్పటి గవర్నరు తమిళిసై సౌందరరాజన్ తిరస్కరించినప్పుడు, వివాదమంతా ఈ షరతు చుట్టూనే నడిచింది. ఆ సిఫారసు ఒప్పా, తిరస్కరణ ఒప్పా అన్న తగవు న్యాయస్థానాలకు వెళ్ళింది. కొన్ని వారాల పాటైనా తెలుగు రాజకీయాల్లో నామినేషన్ పొందడానికి అర్హత ఏమిటన్న ప్రశ్న బహిరంగంగా చర్చకు వచ్చింది. జిల్లాల్లో, మండలాల్లో ఉన్న వందలాది నామినేటెడ్ పదవుల విషయంలో ఆ ప్రశ్న అడిగేవారు అరుదు.

ఇప్పుడు ఒక్క పదవిని దగ్గరగా చూడటం మంచిది. అది జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ పదవి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ప్రతి జిల్లాకూ ఒక గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. ఇంటిపన్నుతో పాటు పౌరుడు గ్రంథాలయ పన్ను కూడా కడతాడు. దాన్ని సెస్సు అంటారు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు చొప్పున ఆ సెస్సు పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పెంకుటిల్లు ఉన్న వితంతువు కూడా ఆ పైసలు కడుతోంది. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు తమ దగ్గరే ఉంచుకుని బకాయి పడటం దీర్ఘకాలంగా ఉన్న జబ్బు. ఆ బకాయిలు వెంటపడి రాబట్టడం, ఆ డబ్బుతో పుస్తకాలు కొనడం, కురిసే పైకప్పులు బాగు చేయించడం, పఠన మందిరంలో విద్యుద్దీపాలు వెలిగేలా చూడటం – గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడి పని ఇదీ. పని గొప్పది. ఒక జిల్లాలోని పిల్లల చదువు మీద ఏళ్ళ తరబడి ప్రభావం చూపగల పని.

ఆ పఠన మందిరంలోకి ఒకసారి తొంగిచూస్తే అక్కడ ఎవరుంటారో తెలుస్తుంది. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనైనా, ఏ జిల్లా కేంద్రంలోని గ్రంథాలయంలోనైనా, ఉదయం తలుపులు తెరవకముందే యువతీ యువకులు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. సంచిలో మధ్యాహ్నం భోజనం డబ్బా ఉంటుంది, నీళ్ళ సీసా ఉంటుంది, గ్రూప్ వన్ పుస్తకాలో డీఎస్సీ పుస్తకాలో ఉంటాయి. కుర్చీ దొరక్కపోతే చెట్టు కింద, మెట్ల మీద కూర్చుని చదువుతారు. నోటిఫికేషన్ వెలువడాలి, పరీక్ష జరగాలి, ఫలితాలు రావాలి, కోర్టు వ్యాజ్యాలు తేలాలి. అప్పటికి గాని ఉద్యోగం మాట లేదు. వారి ఎదురుచూపు పేరు కూడా భర్తీయే. అదే భవనం పై అంతస్తులో ఉండే అధ్యక్ష పదవికి ఎవరి పేరు వస్తుందన్న వార్త వారు ఆ పఠన మందిరంలోనే, ఆనాటి పత్రికలోనే చదువుతారు. ఆ వార్తలో కొత్త చైర్మన్ ఎన్నేళ్ళుగా పార్టీలో ఉన్నారో ఉంటుంది, ఏ నాయకుడి అనుచరుడో ఉంటుంది, ఎవరెవరు శాలువాలు కప్పారో ఉంటుంది. ఏ పుస్తకాలు కొనబోతున్నారో, ఎంత సెస్సు బకాయి రాబట్టబోతున్నారో ఉండటం చాలా అరుదు. విలేకరి అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. పదవికి ఉన్న పేరులో పని లేదు కనుక, ప్రశ్నలో కూడా పని లేకుండా పోయింది.

గ్రంథాలయం విషయంలో ఇది మరింత బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తెలుగువారి గ్రంథాలయ చరిత్ర పదవులతో నడిచినది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినప్పుడు, 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి పూనికతో సంఘం కట్టినప్పుడు, ఆ పనికి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, వాహనం లేదు, గౌరవ వేతనం లేదు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా రేవుల్లో చదువరులకు అందించే ఏర్పాటు చేశారు. కాలువ గట్టున పడవ ఆగడం, బట్టలు ఉతుక్కునేవారు, పశువులు కడుక్కునేవారు చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకోవడం ఊహించుకుంటే చాలు. ఆ మనిషిని ఎవరూ నామినేట్ చేయలేదు. పని ముందు పుట్టింది, పేరు తరువాత వచ్చింది.

మార్కెట్ కమిటీ సంగతి కూడా ఇటువంటిదే. గుంటూరు మిర్చి యార్డులో, వరంగల్లు ఎనుమాముల మార్కెట్లో పంటకాలంలో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. గుంటూరులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. రైతు తన టిక్కీలు దింపించుకుని, కమీషన్ ఏజెంటు కొట్టు ముందు రాత్రంతా వాటి మీదే తల పెట్టుకుని పడుకుంటాడు. తెల్లవారి వ్యాపారి వచ్చి గుప్పెడు కాయలు తీసి, విరిచి, రంగు చూసి, తేమ ఎక్కువ ఉందనో, తాలు కలిసిందనో ఒక ధర చెబుతాడు. ఆ ఒక్క మాటలో ఏడాది కష్టం తేలిపోతుంది. అకాల వర్షం వస్తే టార్పాలిన్ పట్టాలు ఉన్నాయా, కాటా సరిగా ఉందా, తరుగు పేరుతో కిలోలు కోస్తున్నారా, హమాలీల కూలి సక్రమంగా అందుతోందా, రైతుకు తాగడానికి నీరుందా – ఇవన్నీ మార్కెట్ కమిటీ చూడవలసిన విషయాలు. 1966 నాటి మార్కెట్ల చట్టం ఆ కమిటీని ఏర్పరచింది అందుకే. కొనుగోలు విలువలో నూటికి ఒక రూపాయి చొప్పున వసూలయ్యే మార్కెట్ రుసుము ఆ ఖర్చులకు ఆధారం. అటువంటి చోట అధ్యక్షుడు కాటా దగ్గర నిలబడే మనిషి కావాలి. రైతు పక్షాన వ్యాపారితో వాదించగల మనిషి కావాలి. పార్టీకి ఎంత విధేయుడన్నది అక్కడ పనికివచ్చే అర్హత కాదు. విధేయుడై ఉండి, తెల్లవారుజామున యార్డుకు వచ్చే అలవాటు కూడా ఉన్నవారు లేకపోలేదు. అటువంటివారిని రైతులు ఎన్నో ఏళ్ళ తరువాత కూడా పేరు పెట్టి తలచుకుంటారు.

మరి ఈ పదవుల మీద ఇంత ఒత్తిడి ఎందుకు పెరిగింది? కారణాల్లో ఒకటి మంచి సంస్కరణ నుంచి వచ్చినదే. 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణ, మంత్రిమండలి పరిమాణం శాసనసభ సభ్యుల సంఖ్యలో నూటికి 15 వంతులు మించరాదని నిర్దేశించింది. దాని ప్రకారం 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి, 119 మంది ఉన్న తెలంగాణలో 18 మందికి మించి మంత్రులు ఉండటానికి వీలులేదు. ఖజానాకు భారం తగ్గాలని, మంత్రి పదవి ఎరగా చూపి సభ్యులను ఫిరాయింపజేయడం ఆగాలని ఆ సవరణ తెచ్చారు. ఒక వాకిలి మూసేసరికి జనం మరో వాకిలి దగ్గర గుమిగూడారు. మంత్రి కాలేకపోయినవారికి కేబినెట్ హోదా ఉన్న పదవులు వెతకవలసి వచ్చింది. కేబినెట్ హోదా అంటే మంత్రి అధికారాలు లేకుండా, మంత్రికి ఉండే జీతభత్యాలు, వాహనం, మర్యాదలు ఉండటం. తెలంగాణలో 2014 చివర ఆరుగురు శాసనసభ్యులను పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమిస్తే, ఉమ్మడి హైకోర్టు 2015లో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అస్సాంలో ఇటువంటి పదవుల కోసం చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 2017లో కొట్టివేసింది. శాసనసభ్యులకు ఈ దారి ఇరుకైంది. సభ్యులు కానివారి విషయంలో ఇటువంటి కట్టడి లేదు. పొత్తుల రాజకీయం వచ్చిన తరువాత మరో వర్గం కూడా చేరింది; మిత్రపక్షం కోసం సీటు వదులుకున్నవారు. వారిని ‘టికెట్ త్యాగం చేసినవారు’ అంటారు. త్యాగానికి ప్రతిఫలం అడగడం ఆ పదబంధంలోనే ఇమిడి ఉంది.

ఇంతవరకూ చెప్పిన దాన్ని బట్టి ఈ పదవులు పొందినవారందరినీ ఒక్క గాటన కట్టివేయడం న్యాయం కాదు. పార్టీ జెండా మోసిన కార్యకర్త అన్న మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. ఇరవై ఏళ్ళ పాటు ఎండలో ర్యాలీలు నడిపి, రాత్రిళ్ళు గోడపత్రికలు అంటించి, కేసులు నెత్తిన వేసుకుని, సొంత పొలం కౌలుకిచ్చి తిరిగిన మనిషికి, ఎన్నికల్లో నిలబడేంత డబ్బు ఎన్నటికీ చేతికి రాదు. టికెట్లు ధనవంతులకు పోతాయి. జెండా మాత్రం వీరి భుజం మీదే ఉంటుంది. అటువంటి మనిషికి, అందులోనూ తరతరాలుగా ఏ కుర్చీలోనూ కూర్చోనివ్వని కులాల నుంచి వచ్చిన స్త్రీకో పురుషుడికో, మార్కెట్ కమిటీ అధ్యక్షత ఒక్కటే తలుపు కావచ్చు. ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసి నామినేటెడ్ పదవుల్లో సగం వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు, మైనారిటీలకు కేటాయించింది; స్త్రీలకు కూడా సగం వాటా నిర్ణయించింది. తెలంగాణలో మార్కెట్ కమిటీ అధ్యక్ష పదవులకు రిజర్వేషన్ వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన కులాల కోసం 56 కార్పొరేషన్లు ప్రకటించినప్పుడు, పత్రికలో తమ కులం పేరు అచ్చులో చూడటమే మొదటిసారి అయిన చిన్న కులాలవారు కూడా ఉన్నారు. ఆ సంతోషాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ కార్పొరేషన్లకు పని చేయడానికి తగిన నిధులు లేవన్న విమర్శ కూడా అప్పటి నుంచే ఉంది. ఈ రెండూ కలిపి చూస్తే మళ్ళీ మొదటి మాట దగ్గరికే రావలసి ఉంటుంది. పేరుతో పాటు గౌరవం అందింది. పని మాత్రం పేరులో లేనట్టే, బడ్జెట్‌లోనూ లేదు. కుర్చీ ఇచ్చి పని ఇవ్వకపోవడం ఆ కులాలకు చేసిన న్యాయంలో సగం మాత్రమే.

విధేయత అన్న మాట మీద కూడా కొంచెం నిలవాలి. సంస్కృతంలో విధేయుడు అంటే చెప్పిన దానికి లోబడి నడుచుకునేవాడు. బడిలో సెలవుచీటీ రాసిన ప్రతి తెలుగు పిల్లవాడూ, పిల్లా చివర ‘ఇట్లు, తమ విధేయుడు’, ‘తమ విధేయురాలు’ అని రాసినవారే. ఆ చీటీలో విధేయత బడికి, గురువుకు చెందుతుంది. నామినేటెడ్ పదవిలో విధేయత ఎవరికి చెందుతుంది? ఇటువంటి నియామకాలు చాలావరకు ప్రభుత్వ ఇష్టం ఉన్నంతకాలమే నిలుస్తాయి; ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే 54 కార్పొరేషన్ల అధ్యక్షుల నియామకాలు ఒకే ఉత్తర్వుతో రద్దయ్యాయి. ప్రభుత్వం మారినప్పుడు రాజీనామాలు చేయడం, చేయనివారిని తొలగించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీగా మారింది. పదవి నిలవడం పని మీద ఆధారపడనప్పుడు, చైర్మన్ ఎటువైపు చూస్తూ కూర్చుంటాడో ఊహించడం కష్టం కాదు. పఠన మందిరం వైపు చూడడు, యార్డు వైపు చూడడు. పేరు రాసిన చేతి వైపే చూస్తాడు. దాని వల్ల కలిగే నష్టాన్ని చివరికి భరించేది మిర్చి రైతు, పుస్తకం దొరకని విద్యార్థి.

అమెరికాలో ఇటువంటి పంపకానికి ‘స్పాయిల్స్ సిస్టమ్’ అని పేరు. స్పాయిల్స్ అంటే యుద్ధంలో గెలిచినవారు దోచుకునే కొల్లసొమ్ము. 1832లో సెనేటర్ విలియం మార్సీ, గెలిచినవారికి ఓడిన శత్రువు సొమ్ము చెందడంలో తప్పేముందన్న అర్థంలో, పదవుల పంపకాన్ని సమర్థిస్తూ ఆ మాట వాడారు. సమర్థించడానికి వాడిన మాటే తరువాత విమర్శకుల చేతికి ఆయుధమైంది, ఎందుకంటే అది జరిగేదాన్ని దాచలేదు. 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చిన గీటో అనే వ్యక్తి, ఎన్నికల్లో తాను చేసిన సేవకు పారిస్‌లో దౌత్య పదవి రావాలని కోరి, అది దక్కక తుపాకీ పట్టినవాడు. ఆ దారుణం తరువాత 1883లో వచ్చిన పెండిల్టన్ చట్టం, మొదట పదోవంతు కేంద్ర ఉద్యోగాలకైనా పరీక్షలు పెట్టింది. తెలుగులో పందేరం అన్న మాట ఆ స్పాయిల్స్ అంత సూటిగానే ఉంది. దాన్ని ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లో మాత్రమే బయటికి తీయడం వల్ల దానికి పదును రాలేదు.

చివరగా మరో మాట ఉంది. ఎన్నికల్లో ఓడిన నాయకుడికి, టికెట్ దక్కని సీనియర్‌కు నామినేటెడ్ పదవి ఇవ్వడాన్ని పత్రికలు ‘రాజకీయ పునరావాసం’ అంటున్నాయి. ఈ మాట వాడకంలో చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కాని పునరావాసం అన్న మాటకు తెలుగు నేల మీద ఒక చరిత్ర ఉంది. శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు ఖాళీ చేయించారు. కృష్ణ ఒడ్డున ఇళ్ళు కూల్చారు. పొలాలు, తోటలు, శ్మశానాలు నీటి కిందికి పోయాయి. వేసవిలో నీరు తగ్గితే మునిగిన ఊళ్ళ గోడలు, గుడి రాళ్ళు నేటికీ బయటపడతాయి. ఆ కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వెలువడింది. ఆ జీవోను నమ్ముకుని దరఖాస్తు చేసినవారిలో చాలామంది దశాబ్దాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు, ఉద్యోగ వయసు దాటిపోయింది. కర్నూలు పల్లెల్లో, కొల్లాపూర్ ప్రాంతంలో వారిని ఇప్పటికీ 98 జీవో వాళ్ళు అనే పిలుస్తారు. గోదావరి ఒడ్డున పోలవరం నిర్వాసితులు నేడు అదే మాట రాసిన కాగితాలు పట్టుకుని కాలనీల్లో, తాత్కాలిక ఇళ్ళలో ఉన్నారు.

ఒక నాయకుడు ఓడిన కొన్ని నెలలకే అందుకునే ఉత్తర్వుకు, ఒక రైతు ఊరు మునిగిన నలభై ఏళ్ళకు కూడా అందుకోని ఉత్తర్వుకు తెలుగులో ఒకే పేరు ఉండటం భాషకు జరిగిన అన్యాయం మాత్రమే కాదు, ఆ రైతుకు జరిగిన అన్యాయం కూడా. నాయకుడికి ఇచ్చిన దాన్ని పదవి అనవచ్చు, పందేరం అనవచ్చు, ప్రతిఫలం అనవచ్చు. తెలుగులో మాటలకు కొదవ లేదు. పునరావాసం అన్న మాటను మాత్రం శ్రీశైలం ఒడ్డున, పోలవరం ఒడ్డున ఇల్లు పోగొట్టుకున్నవారికే వదిలిపెట్టడం పత్రికల చేతిలో ఉన్న పని. దానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. రేపటి శీర్షిక రాసే ఉపసంపాదకుడు చాలు.